కుడిసేతికి సముద్రం

"ఆ రెండో పెట్టె దించీసి నువ్వు కూకోయే. టెక్కలి వరకే."

"నీ ఎనకాల కూకునేకంటే సచ్చిన సేప నయం. పో."

ఇవే మా మొగుడూపెళ్లాల ఆఖరి మాటలు. మొదటిది ఆయనది, రెండోది నాది. ఆ తర్వాత ఆయన బండికి కిక్కు కొట్టినాడు, నాను గంప కడుక్కోడానికి పెరట్లోకి ఎల్లిపోనాను. ఎనక్కి తిరిగి సూసినావేటి అని అడిగితే, సూడలేదు.

నాకు సదువు లేదు. సంతకం ఒకటే వచ్చు, అదీ గీత మీద నిలబడదు. ఇది రాస్తన్నది నా ఆడబిడ్డ, ఆయన సొంత సెల్లెలు. రామతీర్థం పక్క ఊర్లో అంగన్‌వాడీ టీచరు. "అన్న అంత దూరం బండి మీద తిరిగొచ్చినాడు, మనోల్లలో ఇంకెవులు తిరిగినారు వదినా. నువ్వు సెప్పు, నాను రాస్తాను" అని నోటుబుక్కు కొనుక్కొని మా భావనపాడు వచ్చింది. మూడు రోజులైంది. నాను కవళ్ల సేపలు ఎండేసుకుంటా సెప్తాను, అది గుమ్మంలో కూకొని రాస్తాది. ఇంతవరకూ దానికి నాను సెప్పినవన్నీ పైపై మాటలు. ఇవాళ అసలు మాటలు సెప్తన్నాను.

తిరిగొచ్చిన కాడ్నుంచి ఆయనకి ఒకటే కోరిక, నన్ను బండి ఎనకాల కూకోబెట్టుకొని ఒక్కపాలి ఎల్లాలని. నాకూ ఒకటే కోరిక, ఆ ముచ్చట ఆయనకి తీరకూడదని. నా కోరికే నెగ్గింది.

మా ఊరి మొగోల్లు సగంమంది ఏటా గుజరాత్ ఎల్తారు. వేరావల్‌లో బోట్ల మీద పని. వేసంగిలో వేట బందు పెట్టినప్పుడు రైలెక్కి ఇంటికొస్తారు. ఆయనా పదకొండేళ్లు అలగే ఎల్లినాడు. వచ్చిన రెండు నెలలూ పేకాట, నిద్ర, నా కూరకి వంకలు. పురిట్లో నా బిడ్డ పోయినప్పుడు ఆయన నడిసముద్రంలో ఉన్నాడు. బోటు ఒడ్డుకొచ్చినాక ఫోను సేసి "ఏ బిడ్డ" అని అడిగినాడు. ఆడపిల్ల అన్నాను. "సర్లే" అన్నాడు. ఆ మాట నాను ఒగ్గలేదు. ఉప్పేసి దాసుకున్నాను.

మా అత్తకి ఒక అలవాటుండీది. "నాను పోతన్నానే, నా కొడుక్కి ఫోను సెయ్యి" అని మంచమెక్కీది. సేస్తే ఆయన బోటు దిగిపోయి, రైల్లో నిలబడి వచ్చీవోడు. వచ్చీసరికి ఈవిడ అరుగు మీద నెత్తళ్ల సేపలు ఏరుకుంటా "వచ్చినావేటిరా, తిన్నావా" అనీది. రెండుపాలు అలగైంది. మూడోపాలి నిజంగానే పడిపోయింది. ఎడమేపు కాలూ సెయ్యీ పనిసెయ్యడం మానేసినాయి, మూతి వంకర తిరిగిపోయింది.

ఫోను సేసినాను. "ఈపాలి నిజం. బేగి రా" అన్నాను.

"ఇదిగో, బయల్దేరతన్నాను" అన్నాడు.

రైలెక్కితే మూడో రోజుకి గుమ్మంలో ఉండాల. ఎక్కలేదు. బోటు నడిపే తండేలు దగ్గిర ఆయన అప్పటికే ఒక పాత మోటారుసైకిలు కొనుక్కొని ఉన్నాడు. ముసిల్ది ఎప్పట్లాగే నాటకం ఆడతందనుకున్నాడు. అరుగు మీద నెత్తళ్లు ఏరుకుంటా దొరుకుతాదనుకున్నాడు. సరే, ఎలాగూ ఎల్తన్నాం కదా, బండి మీదే పోదామని బయల్దేరినాడు.

రోడ్డు మీద బోర్డులు సదవలేడు. ఒకో రాష్ట్రంలో ఒకో రాత. ఆయనకి తెలిసిన దారి ఒకటే, సముద్రం. వేరావల్‌లో బయల్దేరినప్పుడు సముద్రం కుడిసేతికి ఉన్నాది. మన ఊరికి ఇసాపట్నం మీంచి వచ్చినా సముద్రం కుడిసేతికే. అంటే దాన్ని కుడిసేతికెట్టుకొని ఒగ్గకుండా పోతే ఇల్లొచ్చీస్తాదని లెక్కేసినాడు. లెక్క తప్పు కాదు. సదువుకున్నోడెవుడూ ఆ దారిని రాడు, అంతే. రైలు దేశం నడిమినుంచి కోసుకొచ్చీస్తాది. ఈయన అంచు ఎంట వచ్చినాడు. బొంబాయి, గోవా, కేరళ, కన్యాకుమారి, అక్కడ మలుపు తిరిగి మద్రాసు, కాకినాడ. రోడ్డు లోపలికి పోతే కంగారుపడి ఎనక్కొచ్చీసి, ఇసకదారైనా సరే నీల్లు కనబడే దారి పట్టీవోడంట. ఇరవైమూడు రోజులు పట్టింది.

తొమ్మిదో రోజున అత్త పోయింది.

ఆ తొమ్మిది రోజులూ నాను గుడ్డలు మార్సినాను, గంజి పోసినాను, సగం మూతిలోంచి కారిపోతే తుడిసినాను. ఆయన ఫోను ఏ ఏటిలోనో పడి సచ్చింది, ఎన్నిపాలు కొట్టినా పలకలేదు. ముసిల్ది కళ్లు తెరిసినప్పుడల్లా "వచ్చినాడా" అనీది. అయిదు రోజులు "వస్తన్నాడు, దారిలో ఉన్నాడు" అన్నాను. ఆరో రోజు నాకు ఇసుగొచ్చింది. "రాడు" అన్నాను. ఆ తర్వాత ముసిల్ది అడగలేదు.

కొరివి ఆయన పెదనాన్న కొడుకు ఎట్టినాడు. నా ఆడబిడ్డ వచ్చి శవం మీద పడి ఏడిసింది. దినాలయినాకా ఇక్కడే ఉన్నాది.

అత్త పోయిన మూడో రోజు, ఆడోల్లందరూ సముద్రానికి తానాలకెల్లినారు. నా ఫోను మోగింది. ఎవులిదో నంబరు.

"ఒసే నానే. టీకొట్టు ఆయన ఫోను ఇచ్చినాడు. కన్యాకుమారిలో ఉన్నానే. మూడు సముద్రాలు ఒక దగ్గిర కలిసినాయి. నీల్లు మూడు రంగులు. నువ్వు సూడాలే."

ఆ గొంతు నాను పదకొండేళ్లలో ఇనలేదు. పెళ్లినాటి గొంతు.

"అలగా" అన్నాను.

"అమ్మ ఎలగుంది?"

అత్త పడుకున్న మూల దీపం ఎట్టి ఉన్నాది. దాన్ని సూస్తా సెప్పినాను. "తొంగుంది."

"లేపకు. లేచినాక వస్తన్నానని సెప్పు."

"కంగారేటి లేదు. సూసుకుంటా తాపీగా రా."

అక్కడ బండి పడీసి రైలెక్కుంటే పెద్దకర్మకి అందీవోడు. అది నాకు తెలుసు. అన్నప్పుడు కూడా తెలుసు. నోరు జారి అన్నది కాదు. ఊరంతా ఆణ్ని తిట్టాల, ఆడు ఆ తిట్లు తినాల, అని అన్నాను.

ఇక్కడ పెన్ను ఆగింది.

"వదినా. ఫోను రాలేదన్నావు కదా అప్పుడు."

"వచ్చింది."

"అమ్మ పోయినట్టు అన్నకి తెలీదా?"

"తెలీదు. రాయి."

అది పెన్ను నోటుబుక్కు మీద ఎట్టీసింది. నాను కవళ్లు తిరగేస్తా కూకున్నాను. కాకుల్ని తోలినాను. తర్వాత మళ్ళీ పెన్ను పట్టుకుంది, సెప్పమంది.

పెద్దకర్మ అయిన మూడోనాడు, పొద్దెక్కినాక, ఇసకలోంచి హారను మోత ఇనబడింది. పిల్లగుంటలందరూ బండి ఎనకాల పరిగెత్తుకొస్తన్నారు. మనిసి తారులాగ మాడిపోనాడు. పెదాలు పగిలిపోనాయి. అయినా నవ్వుతన్నాడు. మెడలో గవ్వలదండ ఏసుకున్నాడు, అది నాకంట. "అమ్మా" అని కేకేసుకుంటా బండి దిగినాడు.

గోడకి ఆనించి అత్త నులకమంచం నిలబెట్టి ఉన్నాది. ఆయన దాన్ని సూసినాడు. నవ్వు దిగడానికి కొంచెం టైము పట్టింది.

అప్పుడు నా ఆడబిడ్డ లోపల్నుంచి వచ్చింది. "కన్నతల్లి సితిలో కాలిపోతంటే నువ్వు టూరు కొడతన్నావేటిరా. దండలు కొనుక్కుంటన్నావేటి. నాకు అన్న లేడు, పో" అని ఉమ్మేసినట్టు అంది. సంచీ పట్టుకొని అప్పుడే బస్సెక్కీసింది. మరి ఆయనతో బతికుండగా మాటాడలేదు. ఆడు తెలిసే రాలేదని కదా అది అనుకున్నాది. అలగనుకునేలా సేసింది నాను.

ఆయన నాకేసి సూసినాడు. నాను సూపు తిప్పలేదు. అడుగుతాడని సూసినాను, "తొంగుందన్నావు కదే" అని. అడిగితే సెప్పడానికి పదకొండేళ్ల జవాబు నా నోట్లో ఉన్నాది. అడగలేదు. ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. బండి మీంచి మూట దించుకొని, నూతి దగ్గిరికెల్లి తలమీంచి నీల్లు గుమ్మరించుకున్నాడు.

ఇంట్లో కుదురుకోడానికి ఆయనకి సేతకాలేదు. మంచం మీద తొంగుంటే రోడ్డు ఊగతన్నట్టుంటాదనీవోడు. ఖాళీగా కూకున్నా కుడిసేతి మునేల్లు వంకరగానే ఉండీవి, హేండిలు పట్టుకున్నట్టు. బోటుకి పిలిస్తే ఎల్లలేదు. "ఇంక సముద్రంలోకి దిగను. పక్కనుంచి సూసుకుంటా పోతాను" అన్నాడు. ఊరోల్లు కొన్నాల్లు మొకం మీదే తిట్టినారు, తర్వాత మర్సిపోయి కతలు ఇనడానికి వచ్చీవోరు. సాయంత్రమైతే వలలు బాగుసేసే పాకలో అయిదారుగురు ఆయన సుట్టూ కూకునీవోరు.

"బావా, మన ఊరికాడ్నుంచి కూడా అలగే కుడిసేతికెట్టుకొని పోతే ఎక్కడ తేల్తావురా?"

"గోపాలపూరు. పూరీ. కలకత్తా."

"ఆపైన?"

"ఆపైన ఏటుంటే అది."

"ఆపైన ఇంకో దేశంరా బాబూ. తుపాకులెట్టుకొని కూకుంటారు. నీ బండికి వీసా ఉన్నాదేటి?"

"సముద్రానికుందేటి వీసా? అదెల్లినకాడికి నానెల్తాను. అలగ పోతే పోతే మళ్ళీ వేరావల్ తగల్తాది సూడు."

"తగిల్తే మాకో కార్డుముక్క రాయి."

"నాకు రాయడం వస్తే రైలెక్కీవోణ్నే కదరా."

అందరూ నవ్వీవోరు. నాను పక్కనుంచి ఎల్తా, "తల్లి సావుకి అందనోడు కలకత్తాకి అందుతాడంటర్రా" అనీదాన్ని. ఒక్కొక్కడే తువ్వాలు దులుపుకొని లేచిపోయీవోడు. ఆయన ఒక్కడూ మిగిలీవోడు. రోజూ అనీదాన్ని. తప్పించకుండా, ముసిల్దానికి గంజి పోసినట్టు, ఏలకి.

ఇంట్లో గోడమీద బొగ్గుతో గీత గీసుకున్నాడు. వేరావల్ దగ్గిర మొదలెట్టి కిందకి దిగి, మళ్ళీ పైకెక్కి మా ఊరిదాకా. ఆగిన కాడల్లా ఒక సేపబొమ్మ. మా ఊరు దాటినాక సుక్కలెట్టినాడు, పోవాల్సిన దారి. నాను దసరాకి గోడకి సున్నం కొట్టీసినాను. సాయంత్రం వచ్చి గోడ సూసినాడు. తడి ఆరకముందే ఏలెట్టి మళ్ళీ గీసినాడు. ఈపాలి పాతదారి గీయలేదు, సుక్కలే ఎట్టినాడు.

బోటుకెల్లనోడు ఇంట్లో కూకుంటే ఎలగ. బండి ఎనక ఐసుపెట్టె కట్టించినాను. పొద్దుట రేవులో సేపలు నాను ఎత్తుకొచ్చీదాన్ని, ఆయన నౌపడ మీంచి టెక్కలి తీసుకెల్లి అమ్మీవోడు. దేశం సుట్టొచ్చిన బండి సేపకంపు కొట్టడం మొదలెట్టింది. అది సూసి నాకు సంతోషమేసింది.

ఒకరోజు టెక్కలినుంచి వచ్చీసరికి బండికి ఎడమేపు ఇనప జాలీ, కింద కాలెట్టుకోడానికి పట్టీ. సక్రంలో సీర సిక్కుకోకుండా ఆడోల్లకోసం బిగిస్తారు కదా, అది. కొత్తది, ఎండలో మెరుస్తన్నాది.

"ఇదేటి?"

"నీకే. సీరతో ఒకేపు కూకోవచ్చు."

"పెట్టెకి అడ్డొస్తాది. ఇప్పీ."

స్పేనరు తెచ్చి ఇప్పీసినాడు. నా కళ్లముందే, ఒక్కొక్క బోల్టు. ఆ జాలీ ఇప్పుడు కోళ్లగూటికి అడ్డంగా ఉన్నాది.

ఊర్లో ఆ బండి ఎక్కనోల్లు లేరు. నొప్పులొచ్చిన పిల్లని ఎక్కించుకొని టెక్కలి ఆస్పత్రికెల్లినాడు. పింఛనుకెల్లే ముసిలోల్లని దించీవోడు. నానొక్కదాన్నే ఎక్కలేదు. టెక్కలి సంతకి నాను ఆటోలో ఎల్లీదాన్ని, ఆయన ఎనకాల ఖాళీబండి మీద వచ్చీవోడు.

కార్తీకం వచ్చినాక అసలు సంగతి బయటెట్టినాడు. అన్నం తింటా సెప్పినాడు, కంచం కేసి సూసుకుంటా.

"రామతీర్థం ఎల్దామే. పొద్దుట బయల్దేరితే మజ్జాన్నానికి ఎల్లిపోతాం. కొండెక్కి దణ్నమెట్టుకొని సెల్లింటికి ఎల్దాం."

"నువ్వెల్లు."

"రెండుపాలు ఎల్లినాను. నన్ను సూసి తలుపేసీసింది. నువ్వు ఎనకుంటే తీస్తాది. దానికి నీ మాటంటే గురి."

నాకు అప్పటిదాకా తెలీదు, ఎల్లినాడని. అంతదూరం ఎల్లి, మూసిన తలుపు సూసుకొని, ఖాళీ సంచితో వచ్చీసి, మర్నాడు సేపలు అమ్ముకున్నాడు. ఎందుకు రాలేదో సెల్లెలికి ఒక్కమాట సెప్పుంటే తలుపు తెరుసుకునీది. తలుపులోంచే అరిసి సెప్పొచ్చు, నీ వదిన నాకు సెప్పలేదని. సెప్పలేదు. నన్ను కాసినాడా, నా సేతే సెప్పించాలని అనుకున్నాడా, నాకు తెలీదు.

"రాముడి ఎనకాల సీత బయల్దేరి ఏం బాగుపడిందని. నాను రాను" అన్నాను.

అది ఎటకారం. లోపల భయం కూడా ఉన్నాది. ముగ్గురం ఒకదగ్గిర కూకుంటే ఆ ఫోను మాట బయటికొస్తాది. తలొంచుకోవాల్సింది నాను. అందుకే ఎక్కలేదు. పదేపదే అడిగినాడు. "సంతవరకు రా." "నౌపడ వరకు రా, ఉప్పుమడులు సూసి వచ్చీద్దాం." "ఈదిసివర వరకు." దూరం తగ్గించుకుంటా వచ్చినాడు, సంతలో బేరం తగ్గించినట్టు. నాను తగ్గలేదు.

ఆ రోజు కవళ్లు తెగపడ్డాయి. రేవంతా తెల్లగా మెరిసిపోతన్నాది. ఒక పెట్టె నిండిపోయింది. రెండో పెట్టె తెచ్చి దాని ఎనకాల, కేరేజీ దాటి బయటికొచ్చీలా కట్టినాను. ఎందుకంటే మాది పడవ బుద్ధి. తెప్పకి సరుకు ఎక్కించినప్పుడు బరువంతా ఎనకే ఏస్తాం. ముక్కు తేలికైతే లేచి అల మీదికెక్కుతాది, బరువైతే అలలో గుచ్చుకొని మునుగుతాది. నా తాత, నా అయ్య, అందరూ అలగే ఏసినారు. సేతులు వాటంతటవే అటే కడతాయి.

కానీ ఆయన నాకు ముందే సెప్పున్నాడు. ఒకపాలి కాదు. "ఇది పడవ కాదే. బండికి ముందుసక్రం నేలని కరవాల. ఎనక బరువైపోతే హేండిలు సేతిలో తేలిపోతాది, ఎటు తిప్పినా మాటినదు" అని. ముందుసక్రం ఎత్తి పట్టుకొని మరీ సూపించినాడు. నాకు అర్థమైంది. అయినా ఆరోజు అలగే కట్టినాను. ఆయన సెప్పిన మాట కాబట్టి. ఆణ్ని సంపాలని కాదు. అది కూడా రాయి. ఆడి మాట నెగ్గకూడదని, అంతే.

ఆయన తాడు పట్టుకొని ఊపి సూసినాడు. బండి ఎనక కూలబడి ఉన్నాది. అప్పుడన్నాడు, ఆ రెండో పెట్టె దించి నన్ను కూకోమని. సేపలు పాడైతే పోనీ, నాను దగ్గిరగా కూకుంటే బండి సరిగ్గా నడుస్తాదని కూడా కావచ్చు. నాను ఏటన్నానో మొదటే సెప్పినాను.

నౌపడ ఉప్పుమడుల దగ్గిర, గాలి అడ్డంగా కొట్టే సోట, ఎదర ఉప్పులారీ వచ్చింది. నాను ఎల్లీసరికి రోడ్డంతా కవళ్లు. కాకులు, కుక్కలు. ఆయన్ని మడి గట్టుమీద పడుకోబెట్టి తువ్వాలు కప్పినారు. లారీ డ్రైవర్ని మనోల్లు స్తంభానికి కట్టి కొడతన్నారు. ఆడు నెత్తురు ఉమ్ముకుంటా ఒకటే మాట. "నా సైడు నాను వస్తన్నాను బాబూ, బండి ముక్కు లేచి దానంతటదే ఇటొచ్చింది. తిప్పడానికి సూసినాడు, తిరగలేదు."

అక్కడున్నోల్లలో ఆ మాట నిజమని తెలిసింది నాకొక్కదానికే. ఆడు నాకేసి సూసి దణ్నమెట్టినాడు, "అమ్మా, నువ్వైనా సెప్పమ్మా" అని. ఆడికేటి తెలుసు పాపం, ఏడుస్తన్న ఆడదని నన్ను అడిగినాడు. నాను సెప్పలేదు. ఆడి పన్ను ఒకటి ఊడి రోడ్డు మీద పడింది. పోలీసులొచ్చి ఆణ్ని తీసుకుపోనారు. కాయితంలో లారీ గుద్దినట్టు రాసుకున్నారు.

నా ఆడబిడ్డ ఆ రోజూ వచ్చింది. అన్న కాళ్లు పట్టుకొని "అన్నా, తలుపేసినానురా, తలుపేసినానురా" అని ఏడిసింది. నాను దాని ఎదరే కూకున్నాను. అప్పుడైనా ఒక్కమాట సెప్పుండొచ్చు. దాని భుజం మీద సెయ్యేసి "ఊరుకో అమ్మీ, ఆడి రాత" అన్నాను. అప్పట్నుంచీ అది నన్ను తల్లిలాగ సూస్తన్నాది. పండక్కి సీర తెస్తాది. జొరమొస్తే వచ్చి కూకుంటాది. అన్న పేరు నిలబెట్టాలని నోటుబుక్కు కూడా తెచ్చింది. దాని సేతి కాఫీ మూడు రోజులు తాగినాను. ఇంక తాగడం నా వల్ల కాదు.

సెప్పాల్సింది సెప్పీసినాను. ఓలమ్మీ, లేవకు. పెన్ను అక్కడెట్టు. మూడింటికి బస్సున్నాది, ఎల్దువుగాని. నాను రాసుకోలేను, రాసింది సదువుకోలేను. నువ్వు సింపీసి పోతే నాకు తెలీదు కూడా. అందుకే ముందు మొదట్నుంచి సదువు, గట్టిగా. కన్యాకుమారి కాడ గొంతు తగ్గించకు. లారీ కాడా తగ్గించకు. నీ నోటితో నాను ఇనాల. ఊ, సదువు.